దేవరాజు నల్ల లొట్టి

పాన్‌గల్ దేవరాజు గీసిన ఈతకల్లు తాగి ఒక లారీ కొత్తకోట నుంచి బెంగళూరు దాకా ఎక్కడా ఆగకుండా పోయింది. డ్రైవరు తాగలేదు. లారీయే తాగింది.

ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను. గద్వాలలో మాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్లు అబద్ధమాడినవాణ్ని మోకాళ్ల మీద నిలబెట్టి, అందులో నిజమెంతో అంత విడదీసి చెప్పమనేవారు. ఆ భయం కొంచెం మిగిలి ఉంది కనుక విడదీస్తాను. లారీ అన్నది దేవరాజు మేనకోడలు శిల్ప స్కూటీ. అది పోయింది కొత్తకోట హైవే మీద ఒక ధాబా నుంచి పక్క ధాబా దాకా. దాని ట్యాంకులో ఉన్నది నాలుగు పాళ్లు పెట్రోలు, ఒక పాలు ఆల్కహాలు. ఆ ఆల్కహాలు కల్లు నుంచి తీసింది కూడా కాదు. దేవరాజు కల్లులో బతికే ఒక సూక్ష్మజీవి నూకల గంజిలోని చక్కెరను తిని తయారుచేసింది. మిగిలినదంతా నిజమే. బండి నడిచింది. వెనక కూర్చున్న దేవరాజు దిగి, సైలెన్సరు దగ్గర ముక్కు పెట్టి, "మన కల్లు వాసన జర కూడ రాదేంది బిడ్డా" అని చిన్నబోయాడు.

దేవరాజుకు అరవై దాటాయి. తాతల కాలం నుంచి వాళ్లది చెట్లు గీసి కల్లు దించే ఇల్లు. వయసులో ఉన్నప్పుడు తాటిచెట్లు ఎక్కేవాడు. ఒకసారి పైనుంచి జారి పడ్డాడు. పడ్డావట కదా అని ఎవరైనా అడిగితే, "పడలే, దిగిన. జర తొందరగ దిగిన" అంటాడు. ఎడమకాలు అప్పటి నుంచి కొంచెం కురచ. తాళ్లు మానేసి, చేల గట్ల మీదుండే ఈతచెట్లు మాత్రం గీస్తున్నాడు. ఈతచెట్టు నుంచి పడ్డా మనిషి దక్కుతాడు, పరువే పోతుంది అని ఆయన లెక్క.

భార్య జములమ్మది గద్వాల అవతల, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే ఊరు. మామూలుగా ఉన్నప్పుడు అందరిలాగే మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం "బ్యాడ" అంటుంది. వద్దని అర్థం. పెళ్లయిన నలభై ఏళ్లలో దేవరాజు నేర్చుకున్న కన్నడం ఆ ఒక్క మాటే. పిల్లలు కలగలేదు. తెలకపల్లిలో ఉన్న చెల్లెలి కూతురు శిల్ప ప్రతి ఎండాకాలం సెలవులకూ ఇక్కడికే వచ్చేది. చెట్టు కింద నిలబడి, "మామా, నోట్లె గాదు, గడ్డం మీద పోస్తున్నవ్" అని కేకలేసేది. ఆ పిల్ల మైక్రోబయాలజీ చదివి, కొత్తకోట దాటాక రోడ్డు పక్కనున్న ఇథనాల్ ఫ్యాక్టరీ ల్యాబులో చేరింది. ఆ ఫ్యాక్టరీలో నూకలూ, రంగు మారిన జొన్నలూ ఉడికించి, ఈస్టు వేసి పులియబెట్టి, పెట్రోలులో కలిపే ఆల్కహాలు తీస్తారు.

ఇక ఆ లొట్టి సంగతి. లొట్టి అంటే చెట్టుకు కట్టే కల్లుకుండ. మిగతా గీతకార్మికులు నాలుగు రోజులకోసారి లొట్లను కడిగి, మంట మీద బోర్లించి కాలుస్తారు. కొందరు ఈమధ్య ప్లాస్టిక్ డబ్బాలే కడుతున్నారు. దేవరాజు కూడా అన్ని లొట్లనూ కాలుస్తాడు, ఒక్కటి తప్ప. అది వాళ్ల నాయన నాటి నల్ల లొట్టి, మూతి దగ్గర పెచ్చు ఊడింది. పొలం చివరనున్న పోతు ఈతకు, అంటే కాయలు కాయని మగచెట్టుకు, కడతాడు. కాలిస్తే పగులుతుందని భయం. అందుకని దాన్ని వంచి కల్లు పోసుకుని, అడుగున కొంత మిగిల్చి మళ్లీ కట్టేస్తాడు. ఆ చెట్టు కల్లు పొద్దెక్కకముందే ముదిరిపోతుంది. ఒక ఆకుడొప్ప తాగినవాడు రెండో డొప్ప అడగడు. అడిగినవాడిని మర్నాడు ఎవరో ఒకరు వెతికి తీసుకురావాలి.

మూడేళ్ల కిందట శిల్ప ఆ కల్లు కొంచెం సీసాలో పట్టుకుపోయింది. మళ్లీ వారం వచ్చి వాకిట్లోనే మొదలుపెట్టింది.

"మామా, నీ నల్ల లొట్టిల కల్లు అంత జల్ది ఎందుకు ముదురుతదో ఎరికేనా?"

"ఎరికే. గా చెట్టుకు తొందరెక్కువ."

"చెట్టుకు కాదు. అందుల ఒక బ్యాక్టీరియా ఉన్నది. కంటికి కనబడది. మా ఫ్యాక్టరీల ఈస్టు ఉంటది గద, అది తిన్న చక్కెరల కొంత తన ఒళ్లు పెంచుకునేటందుకు వాడుకుంటది. నీ కల్లులది ఒళ్లు పెంచుకోదు. తిన్నదంత ఆల్కహాల్ చేస్తది. అది గూడ ఈస్టుకంటె జల్ది."

"అచ్చం మీ అత్త లెక్క" అన్నాడు దేవరాజు మురిసిపోయి.

జములమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "అయితే నువ్వు ఈస్టువన్నట్టు" అంది.

"పాత లొట్టి గోడలల్ల పట్టుకొని బతుకుతున్నట్టుంది మామా. దాన్ని కడగకు, కాల్చకు, మార్చకు. ఎట్లున్నది అట్లనే ఉంచు" అని చెప్పింది శిల్ప. దేవరాజు తల ఊపాడు. మనసులో మాత్రం అది చెట్టు గొప్పతనమేననుకున్నాడు. నలభై ఏళ్లుగా ఆ చెట్టును గీస్తున్నవాడు, మట్టికుండకు ఆ పేరు ఎందుకు ఇస్తాడు?

ఆ తర్వాత దేవరాజుకు కొత్త హోదా వచ్చింది. కల్లు అమ్మే మండువలో కూర్చుని, "మన లొట్టిల పుట్టినది ఫ్యాక్టరీల డ్యూటీ చేస్తుంది" అని చెప్పుకునేవాడు. దానికి ఈఎస్‌ఐ ఉందా అని ఎవరో అడిగితే, "ఇంక పర్మినెంటు గాలే" అన్నాడు. ఒకరోజు మాత్రం నాతో నవ్వకుండా ఒక మాట అన్నాడు. "నా ఎనుక ఈ మోకు పట్టెటోడు లేడన్నా. చెట్లు కూడ కొట్టేస్తున్నరు. నా లొట్టిలది ఒక్కటన్న యాడనో ఒకకాడ బతుకనీ." మోకు అంటే చెట్టెక్కడానికి నడుముకు కట్టుకునే తాడు. దాన్ని పట్టుకునే ఆ మాట అన్నాడు.

ల్యాబులో గాజు సీసాల్లో ఆ జీవి బ్రహ్మాండంగా పనిచేసింది. స్కూటీ నడిచింది ఆ రోజుల్లోనే. కానీ డ్రమ్ముల్లోకి మార్చేసరికి నెమ్మదించింది. సీసా నుంచి సీసాకు మారుస్తూ నెలల తరబడి ల్యాబు చక్కెరనీళ్ల మీదే పెంచడంతో దానికి సుఖం అలవాటైపోయిందట. తను చేసిన ఆల్కహాలులో తనే తట్టుకోలేక సగంలో చాలించేది. ఫ్యాక్టరీ మేనేజరు స్టీఫెన్ గారు శిల్పను పిలిచి, ఎండలు ముదరకముందే పెద్ద ట్యాంకులో ఒక్కసారి వేసి చూద్దామన్నారు. అది నెగ్గితే ల్యాబు పెద్దదవుతుంది, శిల్ప చేతికి వస్తుంది. నెగ్గకపోతే ల్యాబు మూసి, మునుపటిలాగే బయటి నుంచి ఈస్టు బస్తాలు తెప్పించుకుంటారు. శిల్ప ఇంకో ఊళ్లో ఇంకో పని వెతుక్కోవాలి.

"అయితే మళ్ల మొదటికాడికి పోదం సార్. మా మామ లొట్టి నుంచే తాజాగ తీసుకొద్దం" అంది శిల్ప. ఆ లొట్టిని తనూ చూస్తానన్నారు స్టీఫెన్ గారు.

వచ్చే ముందురోజు శిల్ప ఫోను చేసింది. "మామా, రేపు సారు నీ నల్ల లొట్టిని చూసెటందుకు వస్తున్నడు. ఆయన కల్లు ముట్టడు. చర్చిల పెద్దమనిషి. నువ్వేం పరేషాన్ కాకు, మంచినీళ్లిస్తే చాలు."

రోజుకు ఇన్ని ట్యాంకర్ల ఆల్కహాలు పంపే మనిషి చుక్క ముట్టకపోవడం దేవరాజుకు వింతగా తోచలేదు. తన చెట్టు కిందికి వచ్చిన మనిషి మంచినీళ్లు తాగి వెళ్లడమే ఆయనకు మింగుడుపడలేదు. వాళ్ల ఇంటా వంటా లేని పని అది. తాగనివాళ్లకూ బాలింతలకూ చిన్నపిల్లలకూ గీతకార్మికులు చేసే మర్యాద ఒకటుంది. లొట్టి లోపల సున్నం పూసి కడతారు. రాత్రంతా కారిన నీరు పులియకుండా తెల్లారేదాకా తియ్యగా ఉంటుంది. దాన్నే నీరా అంటారు.

సాయంత్రం దేవరాజు సున్నం గిన్నె, గుడ్డపేలిక తీసుకుని నల్ల లొట్టి ముందు కూర్చున్నాడు.

"బ్యాడ" అంది జములమ్మ. "మీ నాయన లొట్టి అది. దాని జోలికెందుకు? ఇంకోదానికి పుయ్యి."

"గాయన వచ్చేదే ఈ లొట్టి కోసం. దీన్ని చూపిచ్చి, వేరేదాంట్లది పోస్తే బాగుంటదా?"

"పిల్ల ఏమన్నది? ఎట్లున్నది అట్లనే ఉంచుమనలే?"

"కడగొద్దన్నది, కడగలే. కాల్చొద్దన్నది, కాల్చలే. ఒక్క పూట సున్నం పెడితే ఏమైతది? రేపటికెల్లి చెట్టు మళ్ల ఇస్తనే ఉంటది గద."

పొద్దున్నే జీపు వచ్చింది. సారుతో ఇంగ్లీషులో మాట్లాడడానికి దేవరాజు నన్ను కూడా చెట్టు దగ్గరికి పిలిచాడు. స్టీఫెన్ గారిది వనపర్తి. నాకంటే మంచి తెలుగు మాట్లాడారు. ఆయన చదివింది యంత్రాల చదువు కనుక ల్యాబు సంగతులు శిల్పకే వదిలేస్తారట. దేవరాజు లొట్టి దించి, మోదుగాకు డొప్పలో పోసి రెండు చేతులా అందించాడు.

"నేను తాగను దేవరాజు గారూ, ఏమనుకోవద్దు" అన్నారు.

"ఎరికే సారూ. మీకోసమనే తియ్యగ చేసిన. పసిపిల్లలు గూడ తాగొచ్చు."

స్టీఫెన్ గారు నాలుక చివర అంటించుకున్నారు. తర్వాత డొప్పంతా తాగారు. తర్వాత ఇంకో డొప్ప అడిగారు. దేవరాజు ముఖం వెలిగిపోయింది. అలా వెలిగిన ముఖాన్ని నేను ఆయన పెళ్లినాడు కూడా చూడలేదు.

శిల్ప తన డొప్పను నోటి దాకా తెచ్చి ఆగింది. ఒక గుటక వేసింది. లొట్టి దగ్గరికి వెళ్లి, వంచి లోపలికి చూసింది. నల్ల లొట్టి లోపలంతా తెల్లగా ఉంది. ఆమె మామవైపు చూసింది. ఆయన సారుకు మూడో డొప్ప పోస్తున్నాడు.

"ఎట్లుంది బిడ్డా?" అన్నాడు.

"మంచిగుంది మామా" అని శిల్ప డొప్ప ఖాళీ చేసింది. తర్వాత సంచిలోంచి సీసాలు తీసి, లొట్టి గోడలను లోతుగా గీకి, ఆ పొడిని జాగ్రత్తగా నింపుకుంది. మామూలుగానే కబుర్లు చెప్పింది. జీపెక్కేముందు జములమ్మ పెట్టిన పల్లిపట్టీలు కూడా ఒళ్లో పెట్టుకుంది. నాకు ఏమీ తెలియలేదు.

పెద్ద ట్యాంకు పని జరగనే జరిగింది. తాజాది దొరకలేదు కనుక ల్యాబులో మిగిలిన మెత్తబడిన రకమే వేశారు. సగం దాకా పొంగి చల్లారిపోయింది. ఆ సందులో వేరే పులుపు జీవులు దూరి ట్యాంకంతా పాడుచేశాయి. దాన్ని పారబోసేటప్పుడు లేచిన వాసన రోడ్డు మీది ధాబాల దాకా వచ్చిందని అనుకున్నారు. ల్యాబు మూసేశారు.

శిల్ప సామాను సర్దుకుని హైదరాబాదు వెళ్తూ పాన్‌గల్ వచ్చింది. మండువ ముందు నలుగురిలో ఉన్న దేవరాజు అక్కడే అడిగాడు.

"ఏమైంది బిడ్డా? గంత మంచిగుండె గద."

"కరెంటు పోయింది మామా. ఫ్రిజ్‌ల పెట్టిన సీసాలన్ని ఖరాబైనయి. నేను చూసుకోలే. నా తప్పే."

దేవరాజుకు కోపం వచ్చింది. ఎప్పుడూ ఆ పిల్లను ఒక్క మాట అనని మనిషి, ఆ రోజు అందరి ముందూ అన్నాడు. "గంత చదివిచ్చిన్రు నిన్ను. మీ తాతకెల్లి వచ్చినదాన్ని నీ చేతుల పెడ్తి. నేను బడి మొకం చూడనోన్ని, ఇన్నేండ్లు కాపాడిన. నువ్వు ఒక ఫ్రిజ్ కాపాడలేకపోతివా?"

శిల్ప తల వంచుకుని విన్నది. "అవును మామా" అంది. బస్సు వేళయిందని లేచింది. అత్త కాళ్లకు మొక్కింది, మామ కాళ్లకు మొక్కింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకునే దీవించాడు.

ఎండాకాలంలో ఫ్యాక్టరీ జీపు డ్రైవరు జయపాల్ ఏదో పెళ్లికి పాన్‌గల్ వచ్చి, చెట్ల దగ్గరికి కల్లు కోసం వచ్చాడు. దేవరాజు ఆయనకు పోస్తూ కరెంటును తిట్టాడు.

"మా ఫ్యాక్టరీల కరెంటు పోవుడేంది మామా?" అన్నాడు జయపాల్. "ఊరంత పోయినా మాకు పోదు. బాయిలర్ తోని మా కరెంటు మేమే పుట్టిస్తం."

"మరి గా ఫ్రిజ్‌ల సీసాలు?"

"సీసాలకేమైంది, మంచిగనే ఉండె. ఆ దినం నీ లొట్టికెల్లి గీకి తెచ్చింది చూడు, అండ్ల ఏం మొలవలే. వాపస్ పోయేటప్పుడు జీపుల సారు నిద్రపోయిండు. శిల్ప మేడం ముంగట కూసోని ఒక్కతీరుగ ఏడ్చింది. 'మా మామ సున్నం పెట్టిండు అన్నా, ఎవ్వరితోని అనకు' అన్నది. నీకు తెల్వదా? నీకు ఎరికే అనుకొని చెప్తున్న."

ఈ మాటలు జయపాలే తర్వాత నాకు చెప్పాడు. దేవరాజు డొప్పలో పోస్తూనే ఉన్నాడట. నిండి, పొర్లి, కింద మట్టిలోకి పోతున్నా పోస్తూనే ఉన్నాడట.

ఆ తర్వాత దేవరాజు చేసిన పనులు నా కళ్లతో చూసినవి. నల్ల లొట్టిలోని సున్నాన్ని నీళ్లతో కడగకుండా ఈతకల్లుతోనే కడిగాడు. అన్ని చెట్ల కల్లూ మార్చి మార్చి పోసి నానబెట్టాడు. చలికాలం రాగానే మళ్లీ పోతు ఈతకు కట్టాడు. చెట్టు ఇచ్చింది. కల్లు పులిసింది కూడా. తాగినవాళ్లు మాత్రం రెండో డొప్ప అడిగారు, మూడోదీ అడిగారు, నిటారుగా నడిచి ఇంటికి పోయారు. ఊరివాళ్లు కల్లు మెత్తబడిందని మెచ్చుకుంటుంటే దేవరాజు అక్కడి నుంచి లేచిపోయేవాడు.

ప్రతి వారం ఒక సీసాడు పట్టి, పేలిపోకుండా మూతికి దూది పెట్టి, కొత్తకోట వెళ్లి హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాడు. శిల్ప అక్కడ మందుల కంపెనీలో దగ్గు సిరపులు పరీక్షించే పని చేస్తోంది. తెలిసినవాళ్ల కాలేజీలో చూపించి ఫోను చేసేది.

"వచ్చిందా?" అని ఈయన.

"ఒక రకం వచ్చింది మామా. అది కాదు. ఇంకోసారి పంపు."

"ఆ. పంపుత. అన్నం తింటున్నవా?"

అంతకు మించి మాట ఉండేది కాదు. సున్నం సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. ఒకసారి సీసా ఇవ్వడానికి వెళ్లి తనే బస్సెక్కి కూర్చున్నాడట. పిల్ల ముందు నిలబడి చెప్పేద్దామని. షాద్‌నగర్ దాటాక దిగి, ఎదురు బస్సులో వెనక్కి వచ్చాడు. దారిలో ఏమనిపించిందని నేను అడిగితే, "ఏమని మొదలువెట్టాలె?" అన్నాడు. సున్నం పెట్టినందుకు ఆయన బాధపడ్డాడు కానీ, అది మర్యాద కోసం చేసిన పని. మండువ ముందు అన్న మాటలను మాత్రం ఏ మర్యాద కిందా వేసుకోలేకపోయాడు. ఆ పిల్ల తల వంచుకుని "అవును మామా" అన్నది. అదే చెవిలో ఉంటుందని జములమ్మతో అన్నాడట. "అది అవునన్నది చూడు, కాదన్నా బాగుండు" అని.

ఈ ఏడు సీసాలు పంపడం కూడా తగ్గింది. పోతు ఈత ఎండు మొహం పట్టింది. ఆయన కాలు కూడా మొరాయిస్తోంది. పండక్కి వచ్చినప్పుడు శిల్ప, మామ పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తూ ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుతుంది. నల్ల లొట్టి వాళ్లకు ఎదురుగానే చూరుకు వేలాడుతూ ఉంటుంది. ఇద్దరూ అటు తప్ప అన్నివైపులా చూస్తారు.

ఇంతవరకూ రాసి, అచ్చుకు ఇచ్చేముందు దేవరాజుకు చదివి వినిపించాను. అరుగు మీద కూర్చుని, కత్తి నూరుతూ విన్నాడు. అయిపోయాక కత్తి అంచును బొటనవేలితో చూసుకున్నాడు.

"గిదంత అబద్ధం అన్నా" అన్నాడు. "లారీ అబద్ధం, స్కూటీ అబద్ధం. గా జయపాలెవ్వడో నాకు తెల్వదు. నేను ఏ లొట్టికి సున్నం పెట్టలే. బస్సెక్కలే."

"మరి శిల్ప?"

"పిల్లకు పట్నంల ఇంతకన్న మంచి నౌకరి దొరికింది, పోయింది. అంతే. దాని తప్పేం లేదు, నా తప్పేం లేదు. నా కల్లుల గసుంటి జీవి ఎన్నడు లేకుండె. అది వట్టి కల్లు. రాసుకో."